చిన్న కుక్క నోటిలో గడ్డ: ఆందోళన, అవగాహన, ఆచరణ

మనోవ్యాధికి మందు లేదన్నది పెద్దల మాట. ముద్దుగా పెంచుకున్న చిన్న కుక్క నోటిలో ఎర్రని గడ్డ ఒకటి కనిపించిన నాటి నుండి ఇంటిల్లిపాదినీ పట్టుకునేది అటువంటి వ్యాధే. అయితే ఈ దిగులులో సగానికి మందు ఉన్నది. ఆ గడ్డ పేరు తెలుసుకోవడమే ఆ మందు. నోటిలో పెరిగే ప్రతి గడ్డా ప్రాణాంతకం కాదు. ప్రాణాంతకమైనది కూడా చిన్నదిగా ఉన్నప్పుడే బయటపడితే చేయదగినది ఎంతో ఉంటుంది. మిగిలిన సగం దిగులును భరించేందుకు కూడా కొన్ని పద్ధతులు ఉన్నాయి. ఈ రెండింటినీ వరుసగా వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

దిగులు ఎక్కడ మొదలవుతుంది

గ్రామాలలో పామరేనియన్ అని పిలుచుకునే స్పిట్జ్, డాష్‌హండ్, పగ్, లాసా ఆప్సో, వీటికీ నాటు కుక్కలకూ పుట్టిన చిన్న సంకర జాతులు నేడు సరిహద్దు పల్లెలలో సైతం ఇళ్లలోనే పెరుగుతున్నాయి. పిల్లలు బెంగళూరుకో చెన్నైకో నాగపూరుకో ఉద్యోగాలకు వెళ్లిపోగా ఇంట మిగిలిన వృద్ధులకు ఆ చిన్న ప్రాణే తోడు. సరిగా చూసుకుంటే ఇవి 12 నుండి 15 సంవత్సరాల వరకు బ్రతుకుతాయి.

గడ్డ సాధారణంగా అనుకోకుండా కంటబడుతుంది. తింటున్న రొట్టె ముక్కపై రక్తపు మరక, పడుకున్న గోనెపట్టాపై ఎర్రని చొంగ, ఆవులించినప్పుడు పళ్ల పక్కన కొత్త ఎరుపు. వెంటనే ఎవరో ఒకరి నోట రాచపుండు అనే మాట వస్తుంది. ఆ మాటతో ఇల్లు నిశ్శబ్దమవుతుంది. కొందరు భయంతో రోజుకు పదిసార్లు నోరు తెరిచి చూస్తారు. మరికొందరు అదే భయంతో అసలు చూడడమే మానుకుంటారు. రెండు మార్గాలూ కుక్కకు మేలు చేయవు.

గడ్డ కానివి ముందుగా

సహజమైన నోరు ఎలా ఉంటుందో తెలియకపోవడం వలన పుట్టే భయాలు చాలా ఉన్నాయి. కుక్కపిల్లకు 28 పాలపళ్లు, ఎదిగిన కుక్కకు 42 పళ్లు ఉంటాయి. కింది విషయాలను గమనించాలి.

1. పై దవడ ముందరి పళ్ల వెనుక, అంగిలి మధ్యలో ఒక చిన్న బొడిపె ప్రతి కుక్కకూ పుట్టుకతోనే ఉంటుంది. ఇది వ్యాధి కాదు.

2. చిగుళ్లపై, అంగిలిపై చదునుగా ఉండే నల్ల మచ్చలు చాలా కుక్కలకు సహజం. మచ్చ ఉబ్బెత్తుగా లేచినా, కొత్తగా వచ్చినా, పెరుగుతున్నా పరీక్ష అవసరం.

3. చిన్న జాతులలో పాలపళ్లు సకాలంలో ఊడవు. ఆరేడు నెలలు దాటినా పాలపన్ను ఉండిపోతే రెండు కోరపళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి మధ్య ఆహారం ఇరుక్కుని చిగురు వాస్తుంది. వైద్యుడు ఆ పాలపన్నును తీసివేస్తే సరిపోతుంది.

4. కంటి కింద చెంప ఉబ్బితే అది తరచుగా పై దవడలోని పెద్ద నమిలే పన్ను వేరు వద్ద చీము పట్టడం వలన కలిగినదై ఉంటుంది.

5. నాలుక కింద మెత్తగా, నీటి బుడగవలె ఉబ్బినది లాలాజల గ్రంథి నుండి ఊరిన లాలాజలం నిండిన సంచి కావచ్చు.

6. పెదవి అంచున బూడిద రంగు గింజవలె అంటుకుని ఉన్నది పిడుదు కావచ్చు. దగ్గరగా చూస్తే కాళ్లు కనిపిస్తాయి.

7. అంగిలికి అడ్డంగా ఇరుక్కున్న పుల్ల, కింది దవడకు కడియంలా పట్టుకున్న మూలుగ ఎముక, నాలుకకు చుట్టుకున్న దారం, యానాం వంటి నదీతీర గ్రామాలలో గుచ్చుకున్న గాలపు ముల్లు కూడా వాపును, రక్తస్రావాన్ని కలిగిస్తాయి. వీటిని బలవంతంగా లాగితే గాయం పెద్దదవుతుంది. వైద్యుడు మత్తు ఇచ్చి తీయవలసి ఉంటుంది.

నిజమైన గడ్డలు: నెమ్మదివి

నోటి గడ్డలలో ప్రాణానికి ముప్పు తేనివి అనేకం. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

పులిపిర్లు: రెండేళ్ల లోపు కుక్కలలో పెదవులపై, నాలుకపై, చిగుళ్లపై కాలీఫ్లవరు పువ్వువలె చిన్న చిన్న గుత్తులు లేస్తాయి. ఇవి ఒక వైరస్ వలన వస్తాయి. ఒకే గిన్నెలో తిన్నా, కలిసి ఆడినా ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటుకుంటాయి. మనుషులకు అంటవు. శరీరంలో రోగనిరోధక శక్తి పెరిగిన కొద్దీ, ఎక్కువ సందర్భాలలో ఒకటి నుండి మూడు నెలల లోపు, వాటంతటవే రాలిపోతాయి. తినడానికి అడ్డుపడేంతగా పెరిగితేనే తొలగిస్తారు. అంతవరకు ఇతర కుక్కలకు దూరంగా, వేరే గిన్నెలో తిండి పెట్టడం మంచిది.

చిగుళ్ల పెరుగుదల: గార పట్టిన పళ్ల చుట్టూ చిగురు దళసరిగా పెరిగి పన్నును కప్పివేస్తుంది. గుండెకు, రక్తపోటుకు ఇచ్చే అమ్లోడిపిన్, రోగనిరోధక వ్యవస్థను తగ్గించే సైక్లోస్పోరిన్ వంటి మందుల వలన కూడా ఇలా జరుగుతుంది. కనుక కుక్క వాడుతున్న మందులన్నీ వైద్యునికి చెప్పాలి.

చిగురు కంతి: పంటిని పట్టి ఉంచే కణజాలం నుండి పుట్టే గట్టి, నున్నని కంతి ఇది. నెమ్మదిగా పెరుగుతుంది. ఇతర భాగాలకు పాకదు. దీనినే పాత పుస్తకాలలో ఎపులిస్ అన్నారు. ఇదే కుటుంబానికి చెందిన అకాంతోమాటస్ అమిలోబ్లాస్టోమా అనే గడ్డ మాత్రం కొంత మొండిది. అది కూడా ఊపిరితిత్తులకు పాకదు గాని, కింద ఉన్న దవడ ఎముకను తినివేస్తుంది. అందువలన చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు ఎముకతో సహా తొలగిస్తారు. అలా పూర్తిగా తీసివేస్తే తిరిగి రావడం అరుదు.

వీధి సంపర్కంతో వచ్చే కంతి

స్వేచ్ఛగా తిరిగే కుక్కలు ఎక్కువగా ఉన్న మన దేశంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన వ్యాధి సంక్రమణ జననేంద్రియ కంతి. సాధారణంగా జతకట్టినప్పుడు అంటుకునే ఈ కంతి, కుక్కలు ఒకదానినొకటి వాసన చూసి నాకడం వలన ముక్కులోను, నోటిలోను కూడా మొలుస్తుంది. ఎర్రగా, పెళుసుగా ఉండి ముట్టుకుంటే రక్తం కారుతుంది. ఇందులో ఒక కుక్క నుండి మరొక కుక్కకు చేరేది క్రిమి కాదు, సజీవమైన క్యాన్సరు కణమే. ఆ కణాలన్నింటికీ మూలం వేల ఏళ్ల క్రితం జీవించిన ఒకే ఒక్క కుక్క అని జన్యు పరిశోధనలు తేల్చాయి.

చూడడానికి భయంకరంగా ఉన్నా చికిత్సకు బాగా లొంగే క్యాన్సరు ఇది. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్‌ను వారానికొకసారి చొప్పున, సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు ఇస్తే అధిక శాతం కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. అయితే ఈ మందు తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది కనుక ప్రతి వారం రక్తపరీక్ష చేయిస్తారు. ఇంజెక్షన్ ఇచ్చిన తరువాత కొన్ని రోజులు కుక్క మలమూత్రాలను చేతి తొడుగులతోనే శుభ్రం చేయాలి. గర్భిణులు, పిల్లలు ఆ పనికి దూరంగా ఉండాలి.

జాగ్రత్త పడవలసినవి

కుక్కల నోటి క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది మెలనోమా. వయసు పైబడిన చిన్న కుక్కలలో, ముఖ్యంగా కాకర్ స్పానియల్, చిన్న పూడిల్ వంటి జాతులలో వస్తుంది. నల్లగా ఉంటుందని పేరే గాని దాదాపు మూడింట ఒక వంతు గడ్డలలో నలుపు కనిపించదు, గులాబీ రంగులోనే ఉంటాయి. త్వరగా పెరిగి మెడ గ్రంథులకు, ఊపిరితిత్తులకు పాకుతుంది. దీని తీవ్రతను పరిమాణాన్ని బట్టి కూడా లెక్కిస్తారు. 2 సెంటీమీటర్ల లోపు ఉన్నది మొదటి దశ, 2 నుండి 4 వరకు రెండవ దశ, అంతకు మించినా మెడ గ్రంథికి పాకినా మూడవ దశ, దూరపు అవయవాలకు చేరితే నాలుగవ దశ.

స్క్వామస్ సెల్ కార్సినోమా అనేది పుండువలె చిగురును, ఎముకను తింటూ పోతుంది. నోటి ముందు భాగంలో ఉన్నప్పుడు పూర్తిగా తీసివేయగలిగితే ఫలితం బాగుంటుంది. గొంతులోని టాన్సిల్‌పై వచ్చినది మాత్రం త్వరగా వ్యాపిస్తుంది. ఫైబ్రోసార్కోమా అనే మూడవ రకం పెద్ద జాతులలో ఎక్కువ. చిన్న కుక్కలకూ రావచ్చు.

ఈ కింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వారంలోనే వైద్యుని కలవాలి: రెండు మూడు వారాలలో స్పష్టంగా పెరిగిన గడ్డ, రక్తంతో కూడిన చొంగ, తట్టుకోలేని దుర్వాసన, మిగతా పళ్లు బాగున్నా ఒక పన్ను మాత్రమే కదలడం, పన్ను తీసిన చోట రెండు వారాలైనా మానని గుంట, దవడ కింద గట్టిపడిన గ్రంథి, ఒకవైపే నమలడం, తిండి నోటి నుండి జారిపోవడం, బరువు తగ్గడం.

ఇంటిలో చూసే పద్ధతి

చేయి పెట్టడానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కుక్కకు రేబీస్ టీకా సకాలంలో వేయించారా? టీకా లేని కుక్క హఠాత్తుగా చొంగ కారుస్తూ, మింగలేక, దవడ వేలాడవేసి, గొంతు మారి, స్వభావం మారి ఉంటే అది గొంతులో ఎముక ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. అటువంటి కుక్క నోటిలో ఎవరూ చేయి పెట్టరాదు. దానిని ఒక గదిలో ఉంచి వైద్యునికి కబురు చేయాలి. కరిచినా, గాయంపై చొంగ పడినా సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మనుషుల టీకా మొదలుపెట్టాలి.

టీకాలు సక్రమంగా ఉండి, స్వభావం మారని కుక్కను ఇలా చూడవచ్చు. పగటి వెలుతురులో ఒకరు ఒడిలో పట్టుకోవాలి. ఇంకొకరు నోరు తెరవకుండా పెదవిని మాత్రం పైకెత్తి ఒకవైపు, తరువాత రెండవవైపు చూడాలి. అర నిమిషం చాలు. కుక్క గుర్రుమన్నా, తల విదిలించినా ఆపివేయాలి. నొప్పిగా ఉన్న నోరు పెంచిన చేతిని సైతం కరుస్తుంది. అది కుక్క తప్పు కాదు.

కనిపించిన గడ్డ పక్కన, తాకకుండా, కొలబద్ద పెట్టి ఫొటో తీయాలి. కొలబద్ద లేకపోతే రూపాయి నాణెం సరిపోతుంది. దాని వెడల్పు 2 సెంటీమీటర్లు లేక కాస్త ఎక్కువ. ఆవగింజ, పెసరగింజ, శనగగింజ, రేగుపండు అని పోల్చి చెప్పినా వైద్యునికి అర్థమవుతుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, పరిమాణం, రంగు, రక్తం ఉన్నదీ లేనిదీ, ఆ రోజు తిన్న తిండి రాసి పెట్టుకోవాలి. మళ్లీ చూడడం వారానికొకసారి, అదే రోజున, అదే మనిషి చేయాలి. రోజూ చూసే కంటికి పెరుగుదల తెలియదు, ఆందోళన మాత్రం పెరుగుతుంది. ఐదు కిలోల కుక్క నోటిలో 2 సెంటీమీటర్ల గడ్డ అంటే పెద్దదే. అంత అయ్యేవరకు వేచి ఉండడం తగదు.

కంటితో తీర్పు చెప్పరాదు

ఎంత అనుభవజ్ఞుడైన వైద్యుడైనా చూచినంత మాత్రాన గడ్డ పేరు నిశ్చయంగా చెప్పలేడు. నెమ్మది కంతి, ప్రాణాంతక గడ్డ ఒకే రంగులో, ఒకే ఆకారంలో ఉండవచ్చు. కంటికి కనిపించేది గడ్డ, దాని పేరు తెలిసేది సూక్ష్మదర్శినికి. అందుకే సన్నని సూదితో కణాలు లాగి చూస్తారు. అది చాలకపోతే మత్తు ఇచ్చి చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపుతారు. దవడ కింది గ్రంథిని కూడా సూదితో పరీక్షించడం, ఛాతీ ఎక్స్‌రే తీయడం, రక్తపరీక్ష చేయడం వ్యాప్తిని తెలుసుకోవడానికి.

సూది గుచ్చితే క్యాన్సరు పాకుతుందన్న భయం పల్లెలలో బలంగా ఉన్నది. నోటి గడ్డల విషయంలో ఆ భయంతో పరీక్ష మానుకోవడం వలన కలిగే నష్టమే ఎక్కువ. పేరు తెలియని గడ్డకు ఎంత మేర కోయాలో, ఏ మందు ఇవ్వాలో ఎవరికీ తెలియదు.

ఒక ముఖ్యమైన సూచన. గడ్డను పూర్తిగా తీసివేసినా ఆ ముక్కను పారవేయరాదు. దానిని ఫార్మలిన్ ద్రావణంలో ఉంచి ప్రయోగశాలకు పంపమని అడగాలి. పారవేసిన ముక్కతో పాటు జవాబు కూడా పోతుంది. ఆరు నెలల తరువాత గడ్డ తిరిగి వస్తే మళ్లీ మొదటికి రావలసి ఉంటుంది.

సరిహద్దు కుటుంబాలకు

చాలా గ్రామ పశువైద్యశాలలలో ఆవులకు, గేదెలకు చికిత్స జరుగుతుంది గాని బయాప్సీ వసతి ఉండదు. అటువంటప్పుడు పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులు ఆధారం. హోసూరు, కృష్ణగిరి, కోలారు ప్రాంతాల వారికి బెంగళూరు హెబ్బాళలోని కళాశాల, తిరుపతి కళాశాల అందుబాటులో ఉంటాయి. ఉత్తర తమిళనాడు వారికి చెన్నై వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఉన్నది. తెలంగాణను ఆనుకున్న కర్ణాటక వారికి బీదరు, మరఠ్వాడా వారికి ఉద్గీరు, పర్భణీ, విదర్భ వారికి నాగపూరు దగ్గర. దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వారు భువనేశ్వరం కంటే విజయనగరం జిల్లా గరివిడికి త్వరగా చేరగలరు. యానాం వారికి కృష్ణా జిల్లా గన్నవరంలోని కళాశాల ఉన్నది. అనేక రాష్ట్రాలలో 1962 నంబరుపై సంచార పశువైద్య వాహనాలు పనిచేస్తున్నాయి. అవి ప్రధానంగా పాడిపశువుల కోసమే అయినా, దగ్గరలో ఎవరిని కలవాలో అక్కడ అడగవచ్చు. బయలుదేరే ముందు ఆసుపత్రి వేళలను, ఖర్చును ఫోనులో తెలుసుకోవడం మేలు.

భాష మరొక ఇబ్బంది. ఇంట తెలుగు మాట్లాడే పెద్దలు ఇంటివద్ద గమనించినది వైద్యునికి ఆ రాష్ట్ర భాషలో చెప్పలేక తడబడతారు. ఈ చిన్న వాక్యాలు ఉపయోగపడతాయి. కన్నడంలో “నాయియ బాయల్లి గడ్డె ఇదె, రక్త బరుత్తిదె.” తమిళంలో “నాయ్ వాయిల కట్టి ఇరుక్కు, రత్తం వరుదు.” మరాఠీలో “కుత్ర్యాచ్యా తోండాత గాఠ్ ఆహే, రక్త యేత ఆహే.” ఒడియాలో “కుకుర పాటిరే ఆబు హోఇఛి, రక్త బాహారుఛి.” తమిళంలో కట్టి అంటే చీముగడ్డ అని కూడా అర్థం వస్తుంది. కనుక గట్టిగా ఉన్నదా మెత్తగా ఉన్నదా అన్నది చేతితో చూపి చెప్పాలి. తిరుగు ప్రయాణానికి ముందు మందుల పేర్లను, బయాప్సీ నంబరును స్పష్టంగా ఇంగ్లీషులో రాయించుకుంటే ఇవతలి రాష్ట్రపు వైద్యునికి కూడా ఆ కాగితం పనికివస్తుంది.

నిరీక్షణ దినాలు

బయాప్సీ ఫలితం రావడానికి సాధారణంగా వారం పది రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. కుటుంబానికి అన్నింటికంటే కష్టమైనవి ఈ రోజులే. చేయడానికి ఏమీ లేదన్న భావనే మనసును ఎక్కువగా కుంగదీస్తుంది. నిజానికి చేయవలసినవి ఉన్నాయి.

మొదటిది, పనులు పంచుకోవడం. వైద్యునితో మాట్లాడేది ఒకరు, నోటుపుస్తకం రాసేది ఒకరు, తిండి పెట్టేది ఒకరు. నలుగురూ నాలుగు మాటలు విని వచ్చి ఇంట్లో వాదించుకోవడం కంటే ఇది నయం.

రెండవది, తిండి. మెత్తగా కలిపిన పెరుగన్నం, ఉడికించి మెదిపిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం గోరువెచ్చగా పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్లు కుక్కలకు విషతుల్యం. గట్టి ఎముకలు, ఎండు రొట్టెలు ఆపివేయాలి.

మూడవది, దినచర్య. ఉదయం నడక, సాయంత్రం అరుగుపై కూర్చోవడం, పిల్లలు బడి నుండి వచ్చే వేళకు గుమ్మం వద్ద కాపలా, ఇవేవీ మాన్పించరాదు. కుక్కకు రేపటి భయం లేదు. దానికి తెలిసినవి నేటి నొప్పి, నేటి ఆకలి, నేటి ఆప్యాయత. ఇంటివారు కన్నీళ్లతో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అది అర్థంకాక బెదురుతుంది.

నాలుగవది, దిగులుకు ఒక వేళ. రాత్రి భోజనాల తరువాత పావుగంట సేపు అందరూ కూర్చుని ఆ రోజు సంగతులు, మనసులోని భయాలు చెప్పుకోవచ్చు. వైద్యుని అడగవలసిన ప్రశ్నలను అప్పుడే రాసుకోవాలి. ఆ తరువాత పుస్తకం మూసివేయాలి. ఫలానా ఊరిలో ఫలానా వారి కుక్క పదిరోజుల్లో పోయిందన్న కథలు వినడం మానుకోవాలి. వారి కుక్క గడ్డ పేరు వేరు కావచ్చు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, పనిపై మనసు నిలవకపోయినా ఆ మనిషి కూడా వైద్యుని కలవాలి. కుక్క కోసం అంత బాధేమిటని ఎగతాళి చేసేవారు ఉంటారు. పన్నెండేళ్లు ఒకే కప్పు కింద బ్రతికిన ప్రాణి కోసం కలిగే బాధ సహజమైనదే. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

చేయరాని పనులు

భయం తొందరపెడుతుంది. ఆ తొందరలో జరిగే పొరపాట్లే కొన్నిసార్లు గడ్డ కంటే ఎక్కువ హాని చేస్తాయి.

1. గడ్డపై సున్నం, మైలుతుత్తం, నల్లజీడి రసం పూయరాదు. నోరు కాలి, కుక్క ఆ విషాన్ని మింగుతుంది.

2. వాతలు పెట్టడం, దారంతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం చేయరాదు. కొన్ని గడ్డలు కోస్తే రక్తం ఆగదు. పైగా మొదలు లోపలే మిగిలిపోతుంది.

3. మనుషుల నొప్పి మాత్రలు వేయరాదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా చిన్న కుక్కకు ప్రమాదమే. పెద్దలకు వేసే ఒక్క మాత్ర ఐదు కిలోల ప్రాణికి ఎన్నో రెట్లు అవుతుంది.

4. యాంటీబయాటిక్‌తో వాసన, వాపు తగ్గితే గడ్డ నయమైనదని అనుకోరాదు. పైన చేరిన క్రిములు తగ్గుతాయి, గడ్డ ఉంటుంది.

5. మనుషులు వాడే టూత్‌పేస్టుతో కుక్క పళ్లు తోమరాదు. అది మింగడం వలన కడుపు పాడవుతుంది. కొన్ని రకాలలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు ప్రాణాంతకం.

ఫలితం తెలిసిన తరువాత

ప్రమాదం లేని గడ్డ అని తేలితే ఏమి చేయాలో వైద్యుడు చెబుతాడు. అక్కడితో నోటుపుస్తకం మూసివేయక నెలకొకసారి పెదవి ఎత్తి చూడడం కొనసాగించాలి.

క్యాన్సరు అని తేలితే మూడు ప్రశ్నలు అడగాలి. ఇది పాకినదా? పూర్తిగా తీయగలరా? తీసినా తీయకపోయినా నొప్పిని ఎలా అదుపు చేస్తారు? దవడలో కొంత భాగం తీయాలంటే వినడానికే భయం వేస్తుంది. కాని కుక్కలు ఈ శస్త్రచికిత్సను ఆశ్చర్యకరంగా తట్టుకుంటాయి. చాలా కుక్కలు కొద్ది రోజులలోనే మెత్తని తిండి తినడం నేర్చుకుంటాయి. నాలుక ఒకవైపు వేలాడవచ్చు, ముఖం కాస్త మారవచ్చు. ఆ మార్పు ఇంటివారికి బాధ, కుక్కకు కాదు. చిన్న కుక్కల దవడ ఎముక సన్ననిది కనుక ఈ పని అనుభవం గల శస్త్రవైద్యుని చేతనే చేయించాలి. రేడియేషన్ చికిత్స అన్ని చోట్లా దొరకదు.

డబ్బు విషయం దాచుకోరాదు. తమకు ఎంత వీలవుతుందో వైద్యునికి ముందే చెబితే ఆ మేరకు మార్గం సూచించగలడు. వయసు మీరిన కుక్కకు పెద్ద ఆపరేషన్ వద్దనుకుని నొప్పి మాత్రం లేకుండా చూసుకోవడం కూడా ఒక చికిత్సే. అది నిర్దయ కాదు.

అటువంటి కుక్కకు రోజూ ఐదు విషయాలు గమనించి రాయాలి: తిన్నదా, నీరు తాగినదా, నిద్రపోయినదా, తనంత తాను లేచి నడిచినదా, ఇంటివారిని చూచి తోక ఊపినదా. మంచి రోజుల కంటే చెడ్డ రోజులు ఎక్కువైనప్పుడు, నొప్పి మందులకు లొంగనప్పుడు, వైద్యుని చేతుల మీదుగా బాధ లేని మరణం గురించి మాట్లాడుకోవచ్చు. ఆ నిర్ణయం నోటుపుస్తకాన్ని చూచి తీసుకుంటే, తొందరపడ్డామా, ఆలస్యం చేశామా అన్న ప్రశ్న తరువాతి రోజులలో అంతగా వేధించదు.

పిల్లలకు, వృద్ధులకు

పిల్లలకు అబద్ధం చెప్పరాదు. కుక్కను ఎవరికో ఇచ్చివేశామనో, పారిపోయిందనో చెబితే వారు వీధివీధీ వెదుకుతారు, నిజం తెలిసిన నాడు పెద్దల మాటపై నమ్మకం పోతుంది. నోటిలో గడ్డ ఉన్నది, డాక్టరు చూస్తున్నాడు, ఏమవుతుందో ఇంకా తెలియదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిది. నీటి గిన్నె నింపడం వంటి చిన్న పని అప్పగిస్తే వారి మనసు కుదుటపడుతుంది. మెలనోమా వంటి క్యాన్సర్లు మనుషులకు అంటవని చెబితే వారు కుక్కను వెలివేసినట్టు చూడరు.

ఒంటరిగా ఉండే వృద్ధుల విషయంలో దూరాన ఉన్న పిల్లలు శ్రద్ధ చూపాలి. తల్లి ఫోనులో కుక్క సంగతి చెప్పినప్పుడు అది చిన్న విషయమని తోసిపుచ్చరాదు. ఆమె దినచర్య అంతా ఆ ప్రాణి చుట్టూనే తిరుగుతూ ఉండవచ్చు. ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషిని ఏర్పాటు చేయడం వేయి ఓదార్పు మాటల కంటే మేలు.

ముందు జాగ్రత్త

కుక్కల కోసం తయారైన పేస్టుతో, లేదా తడి బట్టతో, పిల్లగా ఉన్నప్పటి నుండే పళ్లు తుడవడం అలవాటు చేయాలి. చిన్న నోటిలో 42 పళ్లు ఇరుకుగా ఉండడం వలన చిన్న జాతులకు చిగుళ్ల వ్యాధి త్వరగా వస్తుంది. మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, తరువాత ఏటేటా కొనసాగించాలి. వీధిలో ఇష్టం వచ్చినట్టు తిరగనీయకుండా, వైద్యుడు చెప్పిన వయసులో సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే అంటు కంతి భయం చాలా వరకు తగ్గుతుంది. నెలకొకసారి, ఏదో ఒక తేదీ నిశ్చయించుకుని, పెదవి ఎత్తి అర నిమిషం చూడాలి. ఆ అర నిమిషంలో శనగగింజంత ఉన్నప్పుడే దొరికిన గడ్డకు, రేగుపండంత అయిన తరువాత దొరికిన గడ్డకు మధ్య తేడా అనేకసార్లు ఆ కుక్క ప్రాణమే.